దున్నపోతు వెనక సీటు

పరీక్షల డ్యూటీ ఏ ఊరికి వేస్తే ఆ ఊరికి వెళ్ళడమే గాని, ఫలానా ఊరు నాకొద్దని ఇరవై ఏళ్ళ సర్వీసులో నేనెప్పుడూ అర్జీ పెట్టుకోలేదు. మొన్న మార్చిలో మొదటిసారి పెట్టాను. కారణం రాయమన్నారు ఆఫీసులో. మనుషులతో ఎంతసేపైనా వాదిస్తాను గాని, కాగితం మీద ఆ కారణం రాయడానికి చెయ్యి రాలేదు. అర్జీ వెనక్కి తీసుకుని, గురజాల దాటి వాగు అవతల ఉన్న ఆ ఊరికి వెళ్ళాను. అది మా అక్కను ఇచ్చిన ఊరు. అక్క పోయాక నేను అక్కడ అడుగు పెట్టలేదు.

మొదటి రోజు ప్రశ్నపత్రాల కవరు పట్టుకుని వరండాలో నిలబడి ఉండగా అటెండరు బెల్లు కొట్టాడు. మామూలుగా బళ్ళల్లో రైలు పట్టా ముక్క వేలాడదీస్తారు. దాని మోత పొట్టిగా, కసురుకున్నట్టు ఉంటుంది. ఇది అలా లేదు. కొట్టడం ఆపేశాక కూడా చాలాసేపు మూలిగింది. తలెత్తి చూశాను. వరండా చివరి దూలానికి గొలుసు కట్టి వేలాడదీసిన ఇనప చక్రం. నడిమి పళ్ళేనికి బోల్టుల కోసం వేసిన బెజ్జాలు అయిదు. వాటిలో ఒకదాన్ని ఆనుకునే, ఎందుకూ పనికిరాని ఆరో బెజ్జం.

ఆ ఆరో బెజ్జం ఎలా పడిందో ఇప్పుడీ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బెజ్జం వేస్తున్న మనిషిని మాటల్లో పెట్టి వేయించింది నేనే. అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు.

టైమయింది మేడం అన్నాడు అటెండరు. కవరు చింపాల్సిన చోట కాకుండా ఇంకో చోట చింపాను.

మా నాన్న మిషను ఆస్పత్రిలో కాంపౌండరు. ఆస్పత్రి ఆవరణలోనే మా ఇల్లు. మా ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఉండే మనిషిని అందరూ మేస్త్రీ అనేవాళ్ళు, నేను బాబాయ్ అనేదాన్ని. మాకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేదు. ఆయన పేరు నాకు తెలుసు. హాజరు పుస్తకంలో తప్ప ఆ పేరు ఎవరూ వాడగా చూడలేదు కాబట్టి, ఇప్పుడు నేను రాస్తే అది మరెవరి గురించో అవుతుంది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనవాళ్ళు ప్రతి ఒక్కరినీ దేవుణ్ణి చేసేస్తారు. ఈయన దేవుడు కాదు. స్నానమంటే బద్ధకం. చేతికంటిన గ్రీజు తలకు రాసుకుని, మళ్ళీ కొబ్బరినూనె ఎందుకు దండగ అనేవాడు. ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చుని, ప్రసంగం మొదలవగానే కునుకు తీసేవాడు. పాస్టరు గారు మందలిస్తే, కళ్ళు మూసుకుంటేనే నాకు బాగా వినపడుద్దయ్యా అన్నాడట. ఇంజను దగ్గర మాత్రం ఆ మాట నిజం. వేపపుల్ల ఒక కొస పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, రెండో కొస ఇంజనుకు ఆనించి, కళ్ళు మూసుకుని గొంతుక్కూర్చునేవాడు. లోపలి మోత పుల్లలోంచి పళ్ళలోకి, పళ్ళలోంచి తలలోకి వస్తుందట. అలా కాసేపు విని, ఫలానా చోట అరిగింది అని చెప్పి, ఆ పుల్లతోనే పళ్ళు తోముకునేవాడు.

"ఇనుముకి అబద్ధం చేతగాదు లాయరమ్మా," అనేవాడు. "నొప్పుంటే ఉందంటది, లేకపోతే లేదంటది."

లాయరమ్మ అంటే నేను. ఏది చెప్పినా ఎందుకని అడుగుతాననీ, చెప్పింది ఒప్పుకోననీ ఆయన పెట్టిన పేరు. అమ్మ మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా, దీన్ని ఎవరు చేసుకుంటారో ఏమోనని ఏసుప్రభువుకు చెప్పుకునేది.

ఆయన చేతికింద ఉన్నది పెట్టెబండి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న సామానులో మద్రాసు నుంచి మా ఆస్పత్రికి వచ్చింది. ముందు సగం మోటారు సైకిలు, వెనక సగం రెండు చక్రాల మీద పొడుగాటి పెట్టె. యుద్ధంలో రొట్టెలు మోసిందో తూటాలు మోసిందో గాని మా దగ్గర రోగుల్ని మోసింది. పెట్టెలో పరుపు వేసి, తలవైపు పలక కోసి చిన్న కిటికీ పెట్టాడు. ఆ కిటికీ గాలి కోసం కాదు, మాట కోసం.

లోపల పడుకున్న మనిషికి దారి కనపడదు. ఎక్కడిదాకా వచ్చిందీ తెలియకపోతే సగం ప్రాణం భయంతోనే పోద్దని ఆయన సిద్ధాంతం. అందుకని దారి పొడుగునా దారి చెప్పేవాడు. ఇదిగో వాగు. ఇంక నాపరాళ్ళ గని. అదిగో తుమ్మ మలుపు. కల్లుపాక వచ్చింది, వాసన తగల్లేదా. సున్నపుబట్టి. ఇంకెంత, గేటు. కథ చెప్పేవాడికి వినేవాళ్ళు ఊఁ కొట్టాలి గదా, అలాగే రోగి ఊఁ కొట్టాలి. ఊఁ వినపడకపోతే బండి ఆపి, దిగి, వెనక్కి వచ్చి చూసేవాడు. నువ్వు ఊఁ కొడితేనే ఇది నడిచేది అని మీసాలు నెరిసిన పెద్దరైతుల్ని కూడా పసిపిల్లల్లా బెదిరించేవాడు. ఎవరూ రోగులు లేని రోజు నేనూ అక్కా పెట్టెలో పడుకుని, ఆయన షెడ్డు చుట్టూ తిప్పుతూ లేని దారంతా చెబుతుంటే ఊఁ కొట్టేవాళ్ళం. అక్క బుద్ధిగా కొట్టేది. నేను, వాగు ఇంత తొందరగా ఎట్టా వస్తది, అబద్ధం అనేదాన్ని.

ఒక తొలకరికి జొన్నచేలో పాము కరిచిన మనిషిని తీసుకురావడానికి వెళ్ళాడు. మా వైపు రేగడి నేల ఎండితే రాయి, తడిస్తే జిగురు. తిరిగి వస్తుంటే వాగుకు ఇవతల బండి కూరుకుపోయింది. పదిమంది చేరి చక్రాలు ఎత్తుతుండగా లోపలి ఊఁ ఆగింది. ఇంజను ఆపి ఉంది కాబట్టి ఆగడం ఆయనకు స్పష్టంగా వినపడింది.

రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు షెడ్డు ముందు ముళ్ళు వేసిన తాడు పట్టుకుని ఏదో కొలుస్తున్నాడు. నేను వెళ్ళి ఏందని అడిగాను. ఎడ్లబండి చక్రాల మధ్య ఎడం ఎంతో, పెట్టెబండి వెనక చక్రాల మధ్య ఎడం ఎంతో కొలుస్తున్నాడు. మనది జానెడు తక్కువ. దారంతా ఎడ్లబండ్ల చక్రాలు కోసిన గాళ్ళే కదా, మన చక్రం ఒకటి గాడిలో పడితే రెండోది గట్టెక్కుతుంది, బండి ఒరుగుతుంది, ఒరిగిన వైపు దిగబడుతుంది. ఇరుసు జానెడు పొడుగు చేస్తే రెండు చక్రాలూ రెండు గాళ్ళలో పడతాయి. అదీ ఆయన ఆలోచన.

ఇవాళ చెబుతున్నాను, అదే సరైన ఆలోచన. ఆ రోజు నేను ఒప్పుకోలేదు. వానాకాలంలో గాడి అంటే కాలవ, కాలవలో సమానంగా మునగడానికి ఇరుసు పొడుగు చేయడం దేనికి అన్నాను. పుల్లతో నేల మీద బొమ్మ గీశాను. చేల గట్లు ఎప్పుడూ ఎత్తుగానే ఉంటాయి, గట్టు మీద మనిషి ఎలా నడుస్తాడు, ఒక కాలి ముందు ఒక కాలు. బండి కూడా అలాగే నడవాలి. రెండే చక్రాలు, ఒకదాని వెనక ఒకటి. మూడోది దండగ.

ఆయన చాలాసేపు బొమ్మ చూశాడు. "సన్నటి చక్రాలు గట్టుని కోసేస్తయ్యి గదమ్మా."

"లావు చక్రాలు పెట్టు. దున్నపోతు గిట్ట చూడు, వెడల్పు కాబట్టే గదా బురదలో నడుస్తది."

"రోగిని పడుకోబెట్టేదెట్టా?"

ఈ ప్రశ్న ఆయన అడిగాడు. నాకు బాగా గుర్తు. షెడ్డు దగ్గర నలుగురు నిలబడి మా వాదన వింటున్నారు, వాళ్ళ ముందు నా మాట తగ్గకూడదు.

"పడుకునేది చచ్చినోళ్ళు బాబాయ్," అన్నాను. "బతకాల్సినోళ్ళు కూచుంటారు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తాడు చుట్టి జేబులో పెట్టుకుని, లాయరమ్మ చెప్పింది నిజమే అన్నాడు. వాదనలో గెలవడం ఎలా ఉంటుందో నాకు మొదట తెలిసింది అప్పుడే. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

పెద్ద డాక్టరమ్మ గారు ఒప్పుకున్నారు. ఆమె ఎవరితోనూ నాలుగు మాటలకు మించి మాట్లాడేవారు కాదు. ప్రార్థన చేసుకుని కొయ్యి అని మాత్రం అన్నారట. సాగర్ ఆనకట్ట పనులు జోరుగా సాగుతున్న రోజులు. అక్కడ పనికిరాదని పారేసిన జీపు టైర్లు, రిమ్ములు లారీ డ్రైవర్ని బతిమాలి మాచర్ల మీదుగా తెప్పించాడు. పెట్టెబండి చక్రాల నడిమి పళ్ళేలను జీపు రిమ్ములకు బిగించాలి. అందుకు ఒక్కో పళ్ళేనికి అయిదు బెజ్జాలు. మొదటి చక్రానికి నాలుగు వేసి అయిదోది వేస్తుండగా, సైకిలు తొక్కేటప్పుడు పడిపోకుండా ఉండటానికి కారణం ఏమిటో చెప్పమని నేను పట్టుబట్టాను. ఆయన తలెత్తి నావైపు చూశాడు. డ్రిల్లు జారింది. సరైన చోట మళ్ళీ వేశాడు గాని, ఇంత దగ్గరగా రెండు పడితే ఇనుము బలం పోద్ది అని ఆ చక్రాన్ని పక్కన పడేశాడు. ఎటూ కావలసినవి రెండే. దాని మీద గోనెపట్టా వేసుకుని కూర్చోవడానికి పీటలాగా వాడుకున్నాడు.

లావు టైరు, ముందు చక్రాన్ని పట్టే పాత ఫోర్కులో పట్టలేదు. కమ్మరి చేత పాత ఎడ్లబండి ఇరుసు కాల్పించి, వంచి, దాన్నే ఫోర్కు చేశాడు. వెనక చక్రానికి చైను తగులుతుంటే మొత్తం ఇంజనును నాలుగు వేళ్ళు పక్కకు జరిపాడు. అతుకులన్నీ నరసరావుపేటలో పత్తిమిల్లు వర్క్‌షాపుకు తీసుకెళ్ళి వేయించుకొచ్చాడు. కోసిన పెట్టె షెడ్డు పక్కన పడి ఉంటే అందులో మా అమ్మ కోళ్ళు పొదగడం మొదలుపెట్టాయి. ఆరు నెలలు పట్టింది. చివరికి బయటికొచ్చిన బండి అందంగా ఉందని నేననను. రెండు లావు చక్రాల మధ్య మిలిటరీ రంగు ట్యాంకు, వంగిన కొమ్ముల్లాంటి హ్యాండిలు, ముందు ఒంటి దీపం. కల్లుపాక అవ్వ చూసి, ఇదేందయ్యా, దున్నపోతు నెత్తిన దీపం పెట్టారు అంది. అప్పటినుంచి అది దున్నపోతే.

మొదటి వానకు దాని మీద వాగుదాకా వెళ్ళి వచ్చాడు. కనుబొమల మీద కూడా బురద. బండి దిగకుండానే, కేసు గెలిచావు లాయరమ్మా అన్నాడు.

వెనక సీటు బాగా కుదిరింది. జీపు సీటు కోసి కుట్టాడు, ఆనుకోవడానికి పలక, కాళ్ళు పెట్టుకోవడానికి మెట్టు. రెండేళ్ళపాటు చెయ్యి విరిగినవాళ్ళు, జ్వరాలవాళ్ళు, ఎద్దు పొడిచినవాళ్ళు ఆయన నడుము పట్టుకుని, ఊఁ కొడుతూ వచ్చి బతికారు. నేను వాళ్ళందరినీ నా ఖాతాలో వేసుకున్నాను.

అక్క పెళ్ళయి ఆ ఊరు వెళ్ళింది. బావ అక్కడి బడిలో పంతులు. తొలిచూలు పురిటికి అక్కను ఏడో నెలలో తెచ్చుకోవాలనుకున్నారు. ఆ నెలంతా వానలు, ఎడ్లబండి కదలదు, చూలాలిని దున్నపోతు మీద ఎక్కించడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు; తీసుకురాలేకపోయాం. ఎనిమిదో నెలలో చూలాలిని ప్రయాణం చేయించకూడదు, తొమ్మిది పడనీ అంది అమ్మ. పొద్దునా సాయంత్రం బైబిలు చదివే ఇంట్లోకి ఈ ఎనిమిదో నెల ఎక్కణ్ణించి వచ్చిందని వాదించాను. ఆ ఒక్క వాదనలో మాత్రం ఓడిపోయాను.

ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. ఒక రోజు పొద్దున తొమ్మిదింటివేళ ఆ ఊరి మనిషి మోకాళ్ళదాకా బురదతో పరిగెత్తుకొచ్చాడు. నిన్న పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది, మంత్రసాని చేతులెత్తేసింది అన్నాడు.

ఆ సమయానికి నేను ఆస్పత్రి వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. చేతిలో గుంటూరు కాలేజీ దరఖాస్తు. హాస్టల్లో సీటు రావాలంటే డాక్టరమ్మ గారి సిఫారసు ఉండాలి. ఆమె ఏ మాటకు విసుక్కుంటారో ఎవరికీ తెలియదు; వారం రోజులుగా మంచి సమయం కోసం కనిపెట్టుకుని ఉన్నాను.

నాన్న మందుల గదిలోంచి వరండాలోకి వచ్చాడు. బాబాయ్ దున్నపోతును మెట్ల దగ్గరికి తెచ్చాడు. డాక్టరమ్మ గారు, తీసుకురండి, అన్నీ సిద్ధం చేసి ఉంచుతాను అన్నారు. ఆయన బండి మీద ఉన్నాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. నేను ఆ సీటు చూశాను, పక్కనే నిలబడ్డ డాక్టరమ్మ గారిని చూశాను. ఆమెనే ఎక్కించుకుపోవచ్చు గదా అనిపించింది. అనిపించడం అంటే ఏదో మసగ్గా కాదు. మాటలతో సహా, వాక్యంతో సహా తట్టింది.

అయితే అది అనేదెవరు? రోగుల్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకురావడమే గాని, డాక్టరమ్మను రోగి దగ్గరికి తీసుకుపోవడం మా ఆస్పత్రిలో లేదు. అంత పెద్దామెను, చీర పైకెగగట్టి, గ్రీజు మనిషి నడుము పట్టుకుని కూచోమని కాంపౌండరు కూతురు చెప్పడం అసలే లేదు. అయినా నేను నోరు తెరిచాను. ఆమె నావైపు తిరిగి, ఏమిటి అన్నారు.

నేను కాగితం ముందుకు చాపాను.

సంతకం అన్నాను.

ఆమె స్తంభానికి ఆనించి సంతకం చేశారు. దున్నపోతు ఖాళీ సీటుతో గేటు దాటింది.

రెండు గంటల తర్వాత తిరిగొచ్చింది. బాబాయ్ అక్కను రెండు చీరలతో తన వీపుకు కట్టుకుని వచ్చాడు. అక్క తల ఆయన భుజం మీద ఉంది. బండి మెట్ల దగ్గర ఆగేటప్పటికి ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "గేటు దాటాం తల్లీ. వచ్చేశాం. ఊఁ అనవేందే?" నాన్న వెళ్ళి అక్క చెయ్యి పట్టుకుని చూశాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇంజను ఆపమని ఎవరూ చెప్పలేదు. అది చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది.

సమాధుల తోటలో అందరూ వెళ్ళాక డాక్టరమ్మ గారు మా దగ్గర ఆగారు. మాతో ఆమె మాట్లాడిన అన్ని మాటలలోకీ పెద్దమాట అదే.

"సీటు ఖాళీగా వెళ్ళింది. నన్ను రమ్మని ఒక్కరు అనలేదు. నాకూ తట్టలేదు. అని ఉంటే వచ్చేదాన్ని."

బాబాయ్ ఆమె ముఖం వైపు చూడలేదు. చేతులకు గ్రీజు లేకపోయినా తలకు తుడుచుకున్నాడు.

అప్పటినుంచి డాక్టరమ్మ గారు దున్నపోతు ఎక్కారు. సెలవులకు గుంటూరు నుంచి వచ్చినప్పుడు నా కళ్ళతో చూశాను. చీర బిగించి, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని గట్ల మీద వెళుతుంటే చేలల్లో పనివాళ్ళు నడుములెత్తి చూసేవాళ్ళు. తొలినాళ్ళలో నవ్వారు, తర్వాత మానుకున్నారు. ఆ దారెంట ఎన్ని పురుళ్ళు క్షేమంగా జరిగాయో. అమ్మ ఆ పిల్లల గురించి విన్నప్పుడల్లా స్తోత్రం అనేది. నేను లేచి అవతలికి పోయేదాన్ని.

ఆయన మాత్రం దారి చెప్పడం మానేశాడు. నోట్లో వేపపుల్ల పెట్టుకుని మౌనంగా నడిపేవాడు. షెడ్డులో పీటలాగా ఉన్న మూడో చక్రం కనపడకపోతే, ఏమైందని నాన్నను అడిగాను. అక్క ఊరి బడికి బెల్లు లేదని తీసుకెళ్ళి కట్టి వచ్చాడు అన్నాడు నాన్న.

కొన్నేళ్ళకు ఆస్పత్రికి జీపు వచ్చింది. దున్నపోతు తుప్పుపట్టింది. ఆయన మాచర్లలో స్టేషనుకు దగ్గర చిన్న గది తీసుకుని, పొలాల ఆయిలింజన్లు బాగుచేసుకుంటున్నాడని తెలిసింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, ఏదో పనిమీద మాచర్ల వెళ్ళి, ఆ పని తొందరగా అయిపోయి, రైలుకు ఇంకా టైముంటే వెళ్ళాను. ఆయన్ని చూడటానికే వెళ్ళానని రాయవచ్చు, అబద్ధమవుతుంది.

జుట్టు నెరిసింది గాని దానికి గ్రీజు అలాగే ఉంది. ఇంజను మీద గుడ్డ పరిచి, కూచోమన్నాడు. సోడా తెప్పించాడు. నా ఉద్యోగం విని, పిల్లకాయలు నీ నోటికి తట్టుకుంటున్నారా అన్నాడు. తర్వాత నోట్లో పుల్ల తీశాడు.

"ఒకటి అడుగుతా లాయరమ్మా. ఆ రోజు డాక్టరమ్మని ఎక్కించుకుపోవాలని నాకు తట్టలేదు. మీ నాయనకి తట్టలేదు. ఆమెకే తట్టలేదు పాపం. నువ్వు స్తంభం కాడ ఉన్నావు. నీకు తట్టిందా?"

ఇది నన్ను నిందించడానికి అడిగిన ప్రశ్న కాదు. ఏళ్ళ తరబడి తనను తాను అడుక్కుని, జవాబు దొరక్క, చివరికి తెలివిగలదాన్ని అడుగుతున్నాడు. ముఖంలో ఆశ ఉంది. నాకు వెయ్యి వాదనలు చేతనవును. అక్కడ నాకు కావలసింది ఒక్క మాట.

"లేదు బాబాయ్," అన్నాను.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "నీకే తట్టకపోతే ఇంకెవురికి తట్టుద్దిలే," అన్నాడు. "నీ అంత బుర్ర మాకేడిది. సరే అయితే."

నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పిన అబద్ధం ఆయనకు మందులా పనిచేసింది. దీన్ని పుణ్యం అనాలా, రెండో పాపం అనాలా అని ఇన్నేళ్ళుగా నాతో నేనే వాదించుకుంటున్నాను. అటూ నేనే, ఇటూ నేనే కాబట్టి తీర్పు రావడం లేదు.

రైలు టైమయింది, లేచాను. ఆయన గుమ్మందాకా వచ్చి, నావైపు కాకుండా వీధివైపు చూస్తూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. వాగు దాటినాం. ఊఁ అంది. నాపరాళ్ళ గని వచ్చింది. ఊఁ అంది. తుమ్మ మలుపు కాడ బురద చానా ఉంది, ఇంజను మోత ఎక్కువ చేశా. అన్నదో లేదో. కల్లుపాక కాడ అందనే అనుకున్నా. ఆ రోజు తర్వాత ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగి చూశానో లాయరమ్మా, ఏ కాడ ఆగిందో తేల్చుకోలేకపోయినా. ఇంజను ఆపి ఒక్కసారి వినుంటే తెలిసేది.

ఆయన మరుసటి ఏడాది పోయాడని నాన్న కార్డు రాశాడు. నేను వెళ్ళలేదు.

పరీక్షలు జరిగినన్నాళ్ళూ ఆ చక్రం రోజుకు అయిదుసార్లు మోగింది. పిల్లలు లోపల తలలు వంచి రాసుకుంటుంటే, దాని మూలుగు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాలని చెవి ఒగ్గి నిలబడేదాన్ని. ఎన్నడూ తెలియలేదు. ఇక వినపడదు అనుకున్న తర్వాత కూడా ఏదో ఉన్నట్టే ఉండేది. అటెండర్ని అడిగితే, ఇది ఎవరో మేస్త్రీ తెచ్చి కట్టాడంట మేడం అన్నాడు. మా నాయన చెప్పేవాడు మేడం, కట్టినాక పుల్ల పళ్ళతో కరిచి, దీనికి ఆనించి, కొట్టించి విన్నాడంట. ఏడ్చాడంట కూడా. పిచ్చోడేమో అన్నాడు.

చివరి రోజు పేపర్లు కట్టలు కట్టి, సీలు వేసి, పిల్లలు గోల చేస్తూ వెళ్ళిపోయాక, బడి వెనక వేపచెట్టు కొమ్మ ఒకటి విరిచాను. ఆకులు దూసి వరండా చివరికి వెళ్ళాను. ఒకసారి బెల్లు కొట్టవయ్యా అన్నాను. పరీక్షలయిపోయాయి గదా మేడం అన్నాడు అటెండరు. కొట్టు అన్నాను.

పుల్ల ఒక కొస పళ్ళ మధ్య కరిచి, రెండో కొస ఆ ఆరో బెజ్జం పక్కన ఆనించి, కళ్ళు మూసుకున్నాను. అతను కొట్టాడు. మోత పుల్లలోంచి పళ్ళలోకి, పళ్ళలోంచి తలలోకి వచ్చింది. మాచర్లలో అడిగిన ప్రశ్న అలాగే ఉంది, ఒక్క మాట కూడా అరగలేదు. నీకు తట్టిందా?

పుల్ల పళ్ళ మధ్య ఉన్నప్పుడు ఎంత వాదించేదానికైనా మాట రాదు. వచ్చేది ఒక్కటే.

ఊఁ అన్నాను.